పడవలో పలకని పేరు

ఊరివాళ్ళారా, పాస్టరుగారూ, నిన్నటి ఓడలో వాంతులు చేసుకుంటూ ఓస్లో నుంచి వచ్చిన పెద్దమనుషులారా,

ఇంతమంది వచ్చారు. ప్రార్థనా మందిరంలో బల్లలు చాలక గోడవారన నిలబడ్డారు. డాగ్ని బతికుండగా ఆమె కూర్చునే బల్ల మీద పక్కన ఒక్కరు కూర్చునేవారు కాదు. ఈ రోజు ఆ బల్ల మీద కూడా చోటు లేదు. చూస్తున్నాను.

నేను యోరున్‌ని. డాగ్ని నా ఆడపడుచు. నా భర్త ఓమున్‌కు చెల్లెలు.

అదిగో, ఆయన పేరు అనగానే సగంమంది తలలు దించుకున్నారు. దించుకోండి. ఆ సంగతికే వస్తున్నాను.

నార్వే కవిత్వాన్ని ప్రాసల బోనులోంచి బయటికి లాగిన మనిషి పోయిందని పత్రికల్లో రాశారు. నిజమే కావచ్చు, నాకంత తెలియదు. నాకు తెలిసిందల్లా, నాతో కూర్చుని కాఫీ తాగే మనిషి పోయింది. నా పెనిమిటి పేరు పైకి పలికే మనిషి ఈ భూమ్మీద నేను కాక ఆమె ఒక్కతే. ఆ ఒక్కతీ పోయింది. ఇక ఆయన గురించి నేనెవరితో మాట్లాడను? గోడలతోనా? పొయ్యితోనా?

ఓస్లోవాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. మా మగవాళ్ళు పడవలో కొన్ని పేర్లు పలకరు. కత్తిని కత్తి అనరు, పదునుది అంటారు. పాస్టరుగారిని, మీరేమీ అనుకోకండి, నల్లంగీ అంటారు. హాలిబట్ చేపను తెల్లది అంటారు. పేరు పెట్టి పిలిస్తే సముద్రం వింటుందని భయం. మునిగిపోయి శవం కూడా దొరకనివాడి పేరైతే అసలే ఎత్తరు. డాగ్ని, తన తండ్రి పడవలో పెరిగిన పిల్ల. ఆ మాటలు ఆమెకు ఉగ్గుపాలతో వచ్చాయి.

ఆమె మొదటి కవితల పుస్తకం వచ్చిన రోజు ఎడ్విన్ కొట్లో హెర్రింగ్ చేపల పీపాల మధ్య నిలబడి అందరూ చదివారు. ఎడ్విన్ పేజీలు అటూ ఇటూ తిప్పి, "ప్రాస లేదు, చుక్క లేదు, కామా లేదు. ఏమ్మా డాగ్నీ, అచ్చేసేవాడి దగ్గర సరుకు అయిపోయిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పాత పడవమనిషి హాగ్‌బార్ట్ మామ మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి, "ఇవి మన పడవ మాటలే పిల్లా. పడవలో మాట పడవలో ఉండాలి. నువ్వు తీసుకెళ్ళి బజార్లో పెట్టావు. సముద్రం ఊరుకోదు" అన్నాడు. మా ఆయన ఊరుకునే రకమా? "వదిలెయ్ మామా, చేపలు చదవడం ఎప్పుడు నేర్చాయి?" అన్నాడు.

ఆ మార్చిలోనే ఆయన పడవ తిరిగి రాలేదు.

ఊరివాళ్ళారా, సముద్రం ఎవరి పుస్తకం చదివి లేస్తుంది? ఆ రోజు వాయవ్యం గాలి. పడవ పాతది. అది మీకూ తెలుసు. తెలిసీ ఏమన్నారు? "చెల్లెలి నోరే అన్నను మింగింది" అన్నారు. ఎక్కడో చాటున కాదు, నా వంటింట్లో కూర్చుని, నన్ను ఓదారుస్తూ అన్నారు. నా కోసం మీరు తెచ్చిన గంజి ఇంకా వెచ్చగానే ఉంది. గడపలో నిలబడ్డ డాగ్ని ఆ మాట విని, లోపలికి రాకుండానే వెళ్ళిపోయింది.

పోనీ ఆమెను తిట్టారా? తిట్టినా బాగుండేది. ఎదురు తిరిగి నాలుగు అనేది, దాని నోరేమన్నా మామూలుదా! మీరు తిట్టలేదు. మాట్లాడడం మానేశారు. కొట్లో సరుకులు కట్టి ఇచ్చేవారు, పలకరించేవారు కాదు. ఓమున్ పేరు పడవలోనే కాదు, నేల మీద కూడా ఎత్తడం మానేశారు. ముప్పై ఏళ్ళయింది. ఆయనకు సమాధి ఎలాగూ లేదు. పేరు కూడా లేకుండా చేశారు.

ఓస్లో పెద్దలారా, మిమ్మల్నీ వదలను. బహుమతి ఇస్తామని ఆమెను పిలిచారే, ఆ సభకు అరువు కోటు వేసుకుని నేనూ వచ్చాను. ఒక ప్రొఫెసరుగారు లేచి "తెల్లది" అంటే మృత్యువు అన్నారు. ఇంకొకాయన కాదు, దేవుడు అన్నారు. ఇద్దరూ వాదించుకున్నారు. ఆమె చాలాసేపు విని, "అయ్యా, అది హాలిబట్ చేపండీ. పేరు పలికితే గాలానికి రాదని మా నాన్న భయం" అన్నది. సభంతా పగలబడి నవ్వింది. చమత్కారం అనుకున్నారు. తిరుగు ఓడలో ఆమె నాతో అన్నది: "వదినా, మనూళ్ళో నా మాట అర్థమవుతుంది, కానీ నాతో ఎవరూ మాట్లాడరు. వీళ్ళు మాట్లాడతారు, ఒక్క ముక్కా అర్థం కాదు. మరి నేనెక్కడికి పోను?" ముక్కులు చీదుకుని ఇద్దరం చల్లారిన కాఫీ తాగాం.

మొన్న చలి మొదలైనప్పుడు డాగ్నికి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కోలుకున్నాయి. మాట పోయింది. కవి దగ్గర్నుంచి తీసుకుపోవడానికి దేవుడికి ఇంకేమీ దొరకలేదా? పాస్టరుగారూ, క్షమిస్తే క్షమించండి, లేకపోతే లేదు, నాకు ఒళ్ళు మండిపోతోంది. రొట్టె అనే మాట రాదు, కిటికీ అనే మాట రాదు. నర్సు కత్తి చూపించి ఇదేమిటని అడిగితే "పదునుది" అన్నది. నర్సు తల అడ్డంగా ఊపింది. పిచ్చిదానా, అది తప్పెలా అవుతుంది? మామూలు పేర్లన్నీ పోయి పడవ మాటలు మిగిలాయి ఆమెకు. కాఫీ అంటే నల్లది. నేనేమో పొయ్యి దగ్గరిదాన్ని. ఓమున్, దూరాన ఉన్నవాడు. నాకు అన్నీ అర్థమయ్యేవి.

ఆమెకు అది చాలలేదు. అన్న పేరు పలకాలి. పేరే పలకాలి. నోరు గుండ్రంగా చుట్టి "ఓ..." అనేది, అక్కడ ఆగిపోయేది. నేను అందించబోతే చెయ్యి అడ్డం పెట్టేది. మళ్ళీ "ఓ...". మెడనరాలు పొంగేవి. కోపంతో బల్ల మీద గుద్దేది. చూడలేక నేను పెరట్లోకి పోయి ఏడ్చేదాన్ని. చలికాలమంతా ఆ ఒక్క మాట కోసం కూర్చుంది. చివరి రోజు పొద్దున, నేను కాఫీ కాస్తుంటే, మళ్ళీ "ఓ..." అన్నది. కెటిల్ పట్టుకుని అలాగే ఆగిపోయాను. ఈసారి వస్తుంది, వచ్చేస్తుంది అనుకున్నాను. రాలేదు. నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

ఊరంతా కలిసి మూయించిన ఆ నోటిని చివరికి నా చేత్తో నేను మూయాల్సి వచ్చింది.

చివర్లో అందరినీ లేచి మౌనం పాటించమని చెప్పమ్మా అన్నారు పాస్టరుగారు. మౌనమా? మౌనం ఈ ఊరికి కొత్తగా నేర్పాలా?

సరే, లేవండి. హాగ్‌బార్ట్ మామా, నువ్వూ లే. ఎవరైనా ఆయన చేతికర్ర అందించండి. గాలికి పడవలన్నీ రేవులోనే కట్టి ఉన్నాయి. మనవాళ్ళు ఒక్కరూ నీళ్ళ మీద లేరు. కాళ్ళ కింద చూసుకోండి. చెక్కలు, వాటి కింద బండ. ఇది పడవ కాదు. ఇక్కడ పేరు పలకవచ్చు. ఆమె మొదటి అక్షరం అన్నది, మిగతాది మీరు అనండి. ఒక్కసారి, పైకి, అందరూ. ఆ తర్వాత అలాగే నిలబడి, ఆమె కోసం ఎంతసేపైనా నోరు మూసుకుందాం.

నేను మొదలుపెడుతున్నాను. ఓ...