రోజూ ఏడింటికి వచ్చే ప్రశ్న

ఉద్యోగం పోయిన రోజే అన్న తన ఫోన్ వదిన చేతిలో పెట్టేశాడు. రెండు నెలల తర్వాత, అతని విరిగిన కాలికి ఆపరేషన్ చేసే గది బయట, ఆమె పక్కన మరిది కూర్చున్నాడు.

“వదినా, డాక్టరుగారు అన్నయ్యను తెగ మెచ్చుకుంటున్నారు. తాగుడు మాన్పించే యాప్ రోజూ ఏడింటికి అడుగుతుందిగా, అరవై రోజులుగా ‘తాగలేదు’ అనే జవాబు ఉందట.”

“అది నొక్కింది నేను.”

“మరి అన్నయ్య?”

“సీసా మూత తిప్పడంతోనే ఆయన చేతులకు ఖాళీ లేదు.”

“నిన్న కూడా తాగాడా?”

“మెట్ల మీద జారింది అందుకే. నిజం నొక్కితే మళ్లీ తాగుడు మాన్పించే వార్డులో పడేస్తారని నా చేత ఒట్టు వేయించుకున్నారు.”

“ఆ జవాబులను బట్టే మత్తుమందు ఇస్తారు వదినా, తాగి ఉంటే అది ప్రాణానికే ప్రమాదం! పదండి, చెబుదాం.”

“చెబితే ఆయన మొహం ఎలా చూడను?”

“చెప్పకపోతే?”

వదిన లేచి నిలబడింది. నర్సు అన్న ఉన్న స్ట్రెచర్‌ను ఆపరేషన్ గది వైపు తోసుకుంటూ వచ్చింది. డాక్టరుగారికి ఇంకా ఎవరూ చెప్పలేదు.