ధర్మేందర్ గోడ మీది డబ్బా

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి నాలుగో రోజు. పొట్టకొచ్చిన వరి నాలుగు రోజులు నీళ్లు లేకుండా నిలబడితే ఏమవుతుందో గోపయ్యకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నాలుగు బోర్లు ఎండిపోయాక ఐదో బోరులో తడి చూసిన మనిషి ఆయన. అందుకే ఆ పొద్దున, ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు పక్కనుండే రేణుకమ్మ హోటల్ ముందు బల్ల మీద కూర్చుని, చాయ్ చల్లారుతున్నా ముట్టకుండా, వచ్చిన ప్రతి మనిషి మొహంలోకి చూస్తున్నాడు. ఈ పని చేసిన దొంగ వీళ్లలోనే ఎవడో ఉన్నాడు.

లైన్‌మన్ హన్మంత్ నిన్ననే చెప్పేశాడు. "కొత్తది రేపు పదింటికి వస్తది, బిగిస్త. గానీ సోమవారం పొద్దుగాల ఆరింటికి కరెంటు పోయి రాంగనే అంత లోడ్ ఒక్కసారి ఎవలు గుంజిన్రో తెల్వకుంటె గది గూడ కాలుతది. మల్ల కాలితె ఇంకోటి ఎప్పుడొస్తదో నన్ను అడగొద్దు."

ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద పన్నెండు మోటర్లున్నాయి. కరెంటు పోయి తిరిగి రాగానే మోటర్ దానంతట అదే తిరగడం మొదలుపెట్టే ఆటో స్టార్టర్లు ఒకప్పుడు అందరికీ ఉండేవి. అన్ని మోటర్లూ ఒక్క క్షణంలో లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదని, నిరుడు పన్నెండు మందీ హన్మంత్ ముందు వాటిని తీసేస్తామని ఒప్పుకున్నారు. గోపయ్య కూడా ఒప్పుకున్నాడు. కానీ తీయలేదు. కరెంటు రోజంతా ఉంటుందని ఎంతమంది చెప్పినా ఆయనకు నమ్మకం కుదరదు. స్టార్టర్ డబ్బా మీద యూరియా సంచి కప్పి ఊరుకున్నాడు. అందరూ తీసేశాక తన ఒక్కదానితో ఏమవుతుందిలే అనుకున్నాడు. ఇప్పటికీ అదే అనుకుంటున్నాడు. కాల్చింది ఇంకెవరో. ఆ ఇంకెవరో పదింటిలోపు దొరకాలి, లేకపోతే హన్మంత్ సంచులు ఎత్తి చూడటం మొదలుపెడతాడు.

అప్పుడు వచ్చింది తెల్ల కారు, చప్పుడు లేకుండా. చప్పుడు లేకుండా వచ్చేదేదీ గోపయ్యకు నచ్చదు. అందులోంచి ధర్మేందర్ దిగాడు. ఆదిబట్ల వైపు ఒక కంపెనీలో సూపర్‌వైజర్. ఇల్లు గోపయ్య పొలం గట్టును ఆనుకునే ఉంటుంది, ఆ ఇంటికి కరెంటు కూడా కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ నుంచే. నిరుటి వానాకాలంలో ఆ ఇంటి గోడకు కంపెనీవాళ్లు ఒక నల్ల డబ్బా బిగించి పోయారు.

"రా ధర్మేందరూ, కూసో," అన్నాడు గోపయ్య. ఆయన ధర్మేందర్‌ని కూర్చోమనడం అదే మొదలు. "నీ కారుకు ఇంట్లనే కరెంటు పెట్టిచ్చిన్రంట గద. ఎట్ల సాధిచ్చినవ్, జర చెప్పు."

ధర్మేందర్‌కు అంతకంటే ఏం కావాలి. చాయ్ గ్లాసు అందుకుని, బల్ల మధ్యలో చోటు చేసుకున్నాడు.

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని గాదు, మీకు తెల్సు. కంపెనీల కరెంటు కారు ఇచ్చిన్రు, తీస్కున్న. తాళం చేతిల పెట్టినంక ఒక్క మాట అడిగిన, సార్, దీనికి దాణా ఎవలు పెడ్తరు అని. మేనేజర్ నవ్విండు. నవ్వుడు గాదు సార్, కారు మీది, దాని తిండి మీది, గోడ ఒక్కటే నాది, మా ఇంటి కాడ ఛార్జింగ్ పాయింట్ మీరే పెట్టాలె అన్న. ఒక్క కాయితం రాసిచ్చిన. వారం దినాలల్ల ఒప్పుకున్నరు."

ఇక్కడిదాకా నమ్మేటట్టే ఉంది. పక్క పొలం లింగస్వామి తల ఊపాడు. "మంచి పని జేసినవ్. అడగకుంటె ఎవలిస్తరు."

"ఊకెనే ఇస్తరా?" అన్నాడు గోపయ్య. "ఏమేం అడిగిన్రు?"

"ఇంటి ఫోటో, గోడ ఫోటో, కారు నిలవెట్టే జాగ ఫోటో, మీటర్ ఫోటో."

"మీటర్ ఫోటో పంపినవా?"

"గది పెద్ద కథ కాక, తర్వాత చెప్త. ముందుగాల ఇంజినీర్లు వచ్చింది ఇనున్రి."

గోపయ్య ఆ మాటను గుర్తు పెట్టుకున్నాడు. మీటర్ దగ్గర జారాడు వీడు.

"ఇద్దరొస్తరనుకున్న, ఏడుగురొచ్చిన్రు. గోడ మీద కొట్టి చూసి, ఈ గోడ మీ డబ్బ బరువు ఆపదు సార్ అన్నరు. ఇది మా తాత కట్టిన గోడ, ఒక్కసారి భుజం పెట్టి నూకున్రి అన్న. ఏడుగురు నూకిన్రు. గోడ కదల్లే, వాళ్లే వెనక్కి పోయి మా ఇంటామె రాధమ్మ బర్రె మీద పడ్డరు. బర్రె ఆ పూట పాలియ్యలే, అడుగున్రి కావాలంటె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊర్ల తీగలు నీకు చాలవు ధర్మేందర్ అన్కుంట, నాగార్జునసాగర్ నుంచి సీదా మా ఇంటికి నా తొడంత లావు తీగ గుంజిన్రు."

"సాగర్ రోడ్డు మీద నేను రోజు పోత," అన్నాడు లింగస్వామి. "నాకెన్నడు కనపడలే."

"భూమిల అన్నా, భూమిల. నీ బండి దాని మీదకెల్లే పోతది. నీ టైర్లు తొందరగ ఎందుకు అరుగుతున్నయనుకుంటున్నవ్?"

లింగస్వామి తన బండి టైర్ల వైపు ఒకసారి చూశాడు. బల్ల చివర కూర్చున్న మరో మోటర్ రైతు వీరస్వామి నవ్వు ఆపుకోలేక చాయ్ మీద పోసుకున్నాడు. రోడ్డు దాటి వచ్చిన హన్మంత్, ఎవరూ పిలవకుండానే గోపయ్య పక్కన కూర్చున్నాడు. గోపయ్య మోచేత్తో చిన్నగా పొడిచాడు, విను అన్నట్టు.

"ప్లగ్గు పెట్టిన మొదటి దినం చెప్త," ధర్మేందర్ లేచి నిలబడ్డాడు. "గిట్ల పెట్టిన్నో లేదో తుర్కయాంజాల్ల లైట్లు గుడ్డిగైనయి. మీర్‌పేట్ల ఇంటింటికి మిక్సీలు ఆగి, చట్నీ సగంల నిలవడ్డది. జల్‌పల్లి చెరువుల చేపలు ఒడ్డుకొచ్చి ఏమైందని చూసిపోయినయి. ఈ గ్లాసుల సగం చాయ్ తాగేలోపల కారు నిండింది. నూరు కాంగనే ఆగాలె గద? ఆగలే. నూట ఇరవై, నూట యాభై. కారు వొళ్లంత కాలుతుంటె, రాధమ్మ దాని ముందు రేకు మీద జొన్నరొట్టె కాల్చింది, నేను తిన్న. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిగిలిన కరెంటు తీస్కపోయి కంపెనీల పోస్తె మిషన్లు మూడు దినాలు నడిచినయి. పెద్దసారు ఫోన్ జేసి, ధర్మేందర్, జరంత మా ఇంటికి గూడ పంపరాదు, అమ్మగారు తిడ్తున్నది అని బతిలాడిండు."

అందరూ నవ్వారు, గోపయ్య, హన్మంత్ తప్ప. గోపయ్య గొంతు మెత్తగా చేసుకుని అడిగాడు, పొలంలో ఎలుక బొరియ ముందు కూర్చున్నట్టు.

"రోజు ఎన్ని గంటలకు పెడ్తవ్ ధర్మేందరూ?"

"పొద్దుగాల కాక, ఆరింటికి."

"మొన్న సోమవారం పెట్టినవా?"

"సోమవారం? సోమవారమైతె మస్తు పెట్టిన కాక. వారమంత నడవాలె గద. ఆ దినం గుంజినంత ఎన్నడు గుంజలే."

హన్మంత్ గ్లాసు కింద పెట్టాడు. చప్పుడు వినిపించింది, ఎందుకంటే నవ్వులన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. గాలిలో ఊపుతున్న ధర్మేందర్ చెయ్యి అక్కడే ఉండిపోయింది. తను ఏమన్నాడో తనకు అప్పుడు వినపడ్డట్టుంది.

"సోమవారం ఆరింటికే కాలింది," అన్నాడు గోపయ్య. "నువ్వే ఒప్పుకున్నవ్, అందరిన్నరు."

"గది సాగర్ తీగ కాక. వేరే లైన్."

"నీ ఇంటికి వేరే లైన్ లేదు," అన్నాడు హన్మంత్. "ఉన్న తీగ గూడ నేనే గుంజిన. నడువు. ముందుగాల నీ ఇంటి తీగ కోస్త, తర్వాత పై సార్లకు రాసిస్త. పన్నెండు మంది పంట నీ కారుకు పెడ్తవా?"

తనను కాపాడే ఒక్క మాట ఉంది, అది చెప్పడానికి ధర్మేందర్‌కు ప్రాణం ఒప్పుకోలేదు. గోపయ్య మనసులో ఏదో కుదురుకుంది. దొరికాడు. ఇక సంచులు ఎత్తే పని లేదు.

"ఆగు హన్మంతూ," అంది రేణుకమ్మ.

పొయ్యి మీద పాలగిన్నె దించి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "ఆయన గొప్పలు చెప్పుకుంటె నాకు పది చాయ్‌లు ఎక్కువ పోతయని ఇన్ని దినాలు ఊకున్న. ఇప్పుడు ఊకుంటె పాపం తగుల్తది. నేను రోజు రాధమ్మ కాడికి పాలకు పోత. ఆమె పిండేదాక ఆ డబ్బ కిందనే నిలవడ్త. ప్లగ్గు పెట్టే బొక్కల కందిరీగ మట్టిగూడు పెట్టింది. బతుకమ్మ పండుగప్పుడు పెట్టింది, ఇంకా గట్లనే ఉన్నది. పుల్లతోని పొడుస్తనంటే రాధమ్మనే వద్దన్నది. ఎట్లాగు ఆ డబ్బకు కరెంటే లేదు, పురుగన్న పిల్లల్ని పెట్టుకోనీ అన్నది."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటేనే ధర్మేందర్‌కు నయంగా ఉండేది. ఆయన బల్ల మీద కూర్చుని, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"ఇల్లు ఇంకా మా తాత పేరు మీదనే ఉన్నది," అన్నాడు. "కారుకు వేరే మీటర్ కావాలె, దానికి ఇల్లు నా పేరు మీద ఉండాలెనంట. కంపెనీ డబ్బ పెట్టింది. తీగ రాలే."

"మరి కారెట్ల నడుస్తున్నది?" అడిగాడు లింగస్వామి.

"తుర్కయాంజాల్ల పెడ్త. డ్యూటీ దిగినంక పోయి రెండు గంటలు కూసుంట. ఇంట్ల మీటింగ్ అని చెప్త. సోమవారం ఆరింటికి నేను పండుకునే ఉన్న."

హన్మంత్ ఊపిరి వదిలి లేచాడు. "అయితె ఇది మోటర్లదే. ఎవలో ఆటో స్టార్టర్ పెట్టుకునే ఉన్నరు. ఇప్పుడే ఒక్కొక్క డబ్బ ఇప్పి చూస్త. దొరికినోని లైన్ ఈ పంటకు లేదనుకోవాలె. మొదలు రోడ్డు పక్క గోపయ్య కాకది. సంచి కప్పి ఉంటది, గదే."

గోపయ్య చెయ్యి చాచి హన్మంత్ చొక్కా అంచు పట్టుకోబోయాడు.

"హన్మంతన్నా, కాక డబ్బ ముట్టకు," అన్నాడు ధర్మేందర్.

అందరూ అటు తిరిగారు. ఆ మనిషి మళ్లీ లేచి నిలబడ్డాడు. గొంతులో ఇందాకటి జోరు లేదు గానీ, దారి మాత్రం పాత దారే. "ఆ ఏడుగురు ఇంజినీర్లు పోయేటప్పుడు కాక డబ్బకు మంత్రం లెక్క ఒక సీల్ వేసిన్రు. సంచి ఎత్తినవా, సాగర్ గేట్లు ఇరవై ఆరు ఒక్కసారి లేస్తయి. నల్గొండ మునుగుతది. నీ నౌకరి గూడ కొట్కపోతది అన్నా."

అప్పుడు అర్థమైంది గోపయ్యకు. ధర్మేందర్ డాబా మీద నిలబడితే గోపయ్య బోరు స్పష్టంగా కనబడుతుంది. మనిషి లేకుండా మోటర్ తిరగడం వీడు ఏడాదిగా చూస్తూనే ఉన్నాడు. చూసి ఎవరికీ చెప్పలేదు. నోరు మూసుకోవడం చేతకాదని ఊరంతా అనే మనిషి, ఈ ఒక్క మాట దాచాడు. తనేమో పొద్దున్నుంచీ వీణ్ణి కూర్చోబెట్టి, మాట మీద మాట అడిగి, మెడకు తాడు బిగించాడు.

"చాలు ధర్మేందరూ," అన్నాడు గోపయ్య. "ఇగ ఆపు. సంచి కింద సీల్ లేదు, మంత్రం లేదు. ఆటో స్టార్టర్ ఉన్నది. నేను తీస్తనని చెప్పి తీయలే."

సాగర్ రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. దాని చప్పుడు తగ్గాక లింగస్వామి తన చెప్పుల వైపు చూసుకుంటూ అన్నాడు.

"నాది గూడ ఉన్నది కాక. నువ్వు తీసినవనుకున్న. నా ఒక్కదానితోని ఏమైతది అనుకున్న."

హన్మంత్ మెల్లగా వీరస్వామి వైపు తిరిగాడు. వీరస్వామి ఖాళీ గ్లాసులోకి చూస్తున్నాడు, అందులో ఇంకా ఏదో ఉన్నట్టు.

"పన్నెండు మంది," అన్నాడు హన్మంత్. "నాకు తెల్వక అడుగుత, ఒక్కడన్న తీసినోడున్నడా?" తిట్టబోయి, మానుకున్నాడు. ఒక్కడి లైన్ కోయవచ్చు గానీ పన్నెండు లైన్లు కోస్తే ఇక ట్రాన్స్‌ఫార్మర్ ఎవరికోసం. "పదింటికి బండి వస్తది. గంటన్నర ఉన్నది. ఆ లోపల పన్నెండు డబ్బలల్ల ఒక్కటి కనపడ్డా నేను బిగియ్య, వాపస్ పంపుత. ముందు కాక బోరు కాడికి పోదాం, మిగిలినోళ్లకు ఆడికెల్లి ఫోన్లు చేద్దాం. నడువున్రి."

"నడిస్తె ఎప్పటికైతది. నా కారుల ఎక్కున్రి," అన్నాడు ధర్మేందర్.

"ఛార్జింగ్ ఉన్నదా?" అడిగింది రేణుకమ్మ, గ్లాసులు ఏరుతూ.

అందరూ ఆయన నోటి వైపు చూశారు. ధర్మేందర్ కారు వైపు చూశాడు, ఛాతీ కొంచెం పొంగింది, మళ్లీ దిగింది.

"కాక బోరు దాక పోతది," అన్నాడు. "మల్ల వచ్చుడైతె నడువాలె."

గోపయ్య చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, ఆ మాట నమ్మి, ముందు సీట్లో కూర్చున్నాడు.