అరవై మూడో షాట్‌లో నాలుగు ఫ్రేములు

హలో… ఆ, నేనే, మీ వదినని. ఎడిటింగ్ రూమ్ నుంచే.

…లేదు, పాపకేం కాలేదు. నేను ఫోన్ చేస్తే పాపకి జ్వరమేనా? సరేలే, విను. పొద్దుటి నుంచీ నాకొకటే భయం. నేను చేసిన తప్పుకి ఇంకొకరు మాట పడతారేమోనని. పడ్డారు కూడా.

…ఆ, మీ తాళ్ళక్కే.

నువ్వు అక్కడే ఉన్నావని తెలుసు, అందుకే నీకు చేశా. మీ మేనేజర్ అందరి ముందూ అన్నాడట కదా, గాల్లోకి లేపడానికి హీరోయిన్ నడుముకి కట్టిన తాడు తుడవడం కూడా చేతకాదా అని… సినిమా చివర పేర్లలోంచి ఆమె పేరు తీసేస్తానన్నాడా? అంత మాటా? పదేళ్ళ నుంచి తెర మీద తాళ్ళు కనబడకుండా కంప్యూటర్లో తుడుస్తుంటేగా ఆమెకి తాళ్ళక్కని పేరొచ్చింది.

…తాడు కనబడింది ఏ వెర్షన్‌లోనా? మరిదిగారూ, ముందు తమరు ఫైళ్ళకి పేర్లు పెట్టడం నేర్చుకోండి. నిన్న మీ గ్రాఫిక్స్ ఆఫీసు నుంచి వచ్చినవి 'ఫైనల్', 'ఫైనల్ రెండు', 'ఒట్టు ఇదే ఫైనల్'. మీ అన్నయ్య పాపకి పేరు పెట్టడానికి కూడా ఇన్ని తిప్పలు పడలేదు… నవ్వకు. తొమ్మిదో క్లాసులో బడి మానేసినదాన్ని, ఫైలు పేరులో ఒట్లు పెట్టరని నాక్కూడా తెలుసు.

ఆ తాడు ఆమె వదిలేసింది కాదు… చూడకుండా చెప్తానా? ఒక్కో ఫ్రేమూ నొక్కుతూ చూశా.

ఎలాగంటే… నాకొచ్చిన కుట్టుపని భాషలోనే చెప్తా. షాట్ మీకు పంపేటప్పుడు రెండు కొసలా ఎనిమిదేసి ఫ్రేములు ఎక్కువిస్తాం కదా, పాప గౌనుకి లోపల గుడ్డ వదిలినట్టు… ఆ, పొడుగైతే విప్పుకోవడానికి. బుధవారం ఎడిటర్‌గారు ఆ షాట్ చివర పన్నెండు ఫ్రేములు పెంచారు. ఎనిమిదికి గుడ్డ ఉంది. మిగతా నాలుగింటికి?…

అదీ. గౌను పొట్టిదై కింద లంగా కనబడింది. మీరు పంపింది అక్కడికి అయిపోయింది, దాని కింద పరిచి ఉన్న అసలు షాట్ బయటపడింది, తాడుతో సహా. ఆ నాలుగు ఫ్రేములు ఆమె చేతికి రానే లేదు. రానివాటిని ఎలా తుడుస్తుంది?

…తప్పు ఎవరిదంటే ఏం చెప్పను, నాదే. షాట్ల పుస్తకం నా దగ్గరేగా ఉండేది. పెన్సిల్‌తో రాసుకున్నా కూడా, అరవై మూడు, చివర పన్నెండు అని. మీకు పంపుదామని కూర్చునేసరికి బడి నుంచి ఫోన్. పాప ముక్కులో పూస దూర్చుకుందని… అవును, మీ వంశం తెలివే. పరిగెత్తా. మర్నాడొచ్చి పేజీ తిప్పేశా. తిప్పేశానంతే.

…ఏంటీ? మళ్ళీ చెప్పు.

…ఓహో. చప్పుడు చేయకుండా నువ్వే ఆ నాలుగూ చేసి పంపేస్తే ఎవరికీ తెలీదా. నీ తెలివి మండా. తాడు తుడుస్తావు, సరే. ఆమె పడ్డ మాట దేంతో తుడుస్తావు?

…భయం లేకేం, ఉంది. చదువు లేనిదాన్ని కూర్చోబెడితే ఇంతేనంటారు. ఎవరూ అనకముందే ఆ మాట నాకు వినబడుతోంది. పైగా నువ్వు చెప్పి ఇప్పించిన పని. నా వల్ల నీ పరువు కూడా—

…నీ పరువు ఎప్పుడో పోయిందా? అది నాకు తెలుసులే, ఆ ఒట్టుతోనే పోయింది.

ఉండు, ఎడిటర్‌గారు వస్తున్నారు. పెట్టేయకు. నువ్వు లైన్లో ఉంటే నాకు ధైర్యం.

— సార్… అరవై మూడో షాట్. తాడు సంగతి… ఆవిడ తప్పు కాదు సార్, నాది. మీరు పెంచిన పన్నెండు ఫ్రేముల సంగతి నేను వాళ్ళకి పంపలేదు… ఇదిగో సార్, పుస్తకం… బుధవారం. మా పాప ముక్కులో పూస సార్… ఆ, వచ్చేసింది సార్…

…

హలో, ఉన్నావా? విన్నావా?

…ఆయన మాట వినబడలేదా. పేజీ చూశారు. పెంచింది తానే కాబట్టి తనకూ గుర్తుండాల్సిందన్నారు. మీ మేనేజర్‌తో తానే మాట్లాడతానని, ఆమె పేరు ఎక్కడికీ పోదని… నా గురించా? రేపు తొమ్మిదింటికి పుస్తకం పట్టుకుని తన గదికి రమ్మన్నారు. రమ్మన్నారంటే పని ఉన్నట్టా, లేనట్టా?… నీకు నవ్వులాటగానే ఉంటుంది.

సరే, ఇవాళ ఐదింటికి రీల్ వెళ్ళిపోతుంది. ఆ నాలుగు ఫ్రేములు ఇప్పుడే మీకు పంపుతున్నా, ఆలోపు తుడిచి తిరిగి రావాలి. నువ్వు చేయకు. ఆమె చేతే చేయించు. ఆమె పనిని ఇంకొకరు సరిచేశారన్న మాట ఉండకూడదు.

…ఆమెకి నన్నే చెప్పమంటావా? ఎలా చెప్తాను? మూడుసార్లు ఫోన్ చేశా, తీయడం లేదు. సీట్లో ఉందేమో, తల తిప్పి చూడు…

లేదా? బ్యాగ్ ఉందా?… ఉంటే లోపలే ఉన్నట్టు. మెట్ల మీద చూడు, నీళ్ళ డబ్బా పక్క గదిలో చూడు. క్షమాపణ నేనొచ్చి చెప్పుకుంటా, అది నీకు అప్పజెప్పను. జోకులు మాత్రం వేయకు. ఊరికే వెళ్ళి ఆమె పక్కన కాసేపు కూర్చో. తిన్నదో లేదో అడుగు…

తర్వాత కాదు. ఫోన్ పెట్టేసి ఇప్పుడే వెళ్ళు.