ఐదో చాప్టర్లో పాలు

హలో… ఆ, నేనే నాయనా, మోహనను. ఎన్నిసార్లు కొట్టినా ఎత్తవేంది?

…మిషన్ల సప్పుడా. సరే, బయటికి రా. గేటు కాడికి రా. …వచ్చినావా?

సంతకం పెట్టేసినావా?

…ఏం సంతకమంటావేంది. ఆ లాడ్జి మేనేజరు చక్రధర్ తెచ్చిన అగ్రిమెంటుకు. …పెట్టలేదు కదా? ఇంగా పెట్టలేదు కదా? …అమ్మయ్య. పెట్టొద్దు.

…ఆడే ఉండాడా? మన లాండ్రీలోనే? …కుర్సీ ఏసి కాఫీ ఇచ్చినారా. తాగనీలే. నువ్వు మాత్రం పెన్ను పట్టుకోవద్దు. నేను సెప్పేది మొత్తం విను, ఆ తర్వాత నీ ఇష్టం.

…ఒళ్లు బాగానే ఉండాది. తిరుపతిలోనే, కాలేజీ పక్కన జెరాక్స్ షాపు ముందర నిలబడుండా. …గొంతు ఎందుకట్లుండాదంటే… రోత నాయనా. రోత పుడతా ఉండాది.

నిన్న మా క్లాసు రూపశ్రీ షాపులోనే తీసుకోని, పుత్తూరు బస్సులో పోతా మనూర్లో దిగి నీకొక పుస్తకం ఇచ్చింది కదా? …ఆ, నా ఎంబీఏ ప్రాజెక్టు. మన లాండ్రీ మీద సేసింది. నల్ల అట్ట, బంగారు అచ్చరాలు. ఒక కాపీ కాలేజీకి, ఒకటి నాకు, ఒకటి కంపెనీకి. కంపెనీ అంటే నువ్వే కదా.

…వడమాలపేటంతా సూపిచ్చినావా? …పోస్టాఫీసులో కూడానా.

…కాదు, సెప్పనీ. నాయనా… ఆ పుస్తకంలో ఆఖరి భాగం, ఐదో చాప్టరు, నాది కాదు.

…నాది కాదంటే నేను రాయలేదని. నేను రాసింది తీసేసి వేరేది పెట్టినారు. నా కాపీ ఇప్పుడే సేతికొచ్చింది. ఇప్పుడే సూసినా.

…పరంధామయ్య సారు. మా గైడు. …ఆ, ఆయనే. లాండ్రీ సూడల్ల అని వచ్చి, రెండు సఫారీ సూట్లు ఉతికించుకోని పొయినాడే, ఆ సారు.

…ఎందుకంటే నేను ఈ అగ్రిమెంటు మీద సంతకం పెట్టొద్దని రాసినా. దానికి. 'ప్రాజెక్టు అన్నాక కంపెనీని బాగుందని సెప్పల్లమ్మా, నష్టమని రాస్తే బయటినుంచి వచ్చే ఎగ్జామినరు ప్రశ్నలు ఏస్తాడు, మనకెందుకు' అన్నాడు. పళ్లల్లో పుల్ల పెట్టి కుట్టుకుంటా అన్నాడు నాయనా. నేను మార్సనన్నా. సరే పో అన్నాడు. ఎనకనుంచి, పుస్తకాలు కుట్టే ఈ జెరాక్స్ షాపాయనకు ఫోన్ సేసి ఆయనే మార్పిచ్చినాడు.

…పెద్ద సదువు సదివినాడు, అవును. సంతకం ఆకుపచ్చ ఇంకుతో ఉండాది, అవును. నాకూ కండ్లుండాయి. ఆకుపచ్చగా ఉంటే నిజమైపోతాదా?

…నీ మీద అరవలేదు నాయనా. …సరే. మెల్లగా సెప్తా.

నేనేం రాసినానో విను. …తెలుగులోనే సెప్తా. వానాకాలం, సలికాలం మన బోర్లో నీళ్లు ఉంటాయి. అప్పుడు చక్రధర్ ఇచ్చే రేటుకు ఒక బెడ్‌షీటు ఉతికితే సబ్బుపొడి, కరెంటు, కూలి అన్నీ పోగా నీకు రవంత మిగులుతాది. ఎక్కువ ఉతికితే ఎక్కువ మిగులుతాది. ఆడివరకూ ఆయన సెప్పేది నిజమే.

ఎండాకాలం బోరు ఏమైతాది? …ఆ. ట్యాంకరు తోలించల్ల. అప్పుడు అదే రేటుకు ఒక్కో బెడ్‌షీటు మీద నీ సేతినుంచి పోతాది. ఎక్కువ ఉతికితే ఎక్కువ పోతాది. మళ్లా కొండకు జనం విరగబడేది ఎప్పుడు? …పిల్లోళ్ల సెలవులకే కదా. లాడ్జీలు నిండేది అప్పుడే కదా. అంటే నీకు గుట్టలు గుట్టలుగా బెడ్‌షీట్లు వచ్చేది సరిగ్గా నీకు నష్టమొచ్చే నెలల్లోనే.

…సిన్న లాడ్జీల వాళ్లు వేరే. ఎండాకాలం వచ్చిందంటే 'ట్యాంకరు సార్జీ' అని నువ్వు పైన డబ్బులు అడుగుతావు, వాళ్లు ఇస్తారు. నోటిమాట. అది ఇన్నేండ్లుగా నడస్తా ఉండాది. ఈ అగ్రిమెంటులో ఏడాదంతా ఒకటే రేటు. సదివినావా దాన్ని? …ఇంగ్లీషులో ఉండాది కాబట్టి సదవలేదు. సరే.

…ఏడాదంతా కలిపితే లాభమే కదా అంటావా? అదే కదా సారు సేయమనింది. పన్నెండు నెలలూ కలిపేసి సగటు కొట్టమన్నాడు. కలిపేస్తే లాభం మాదిరే కనపడతాది, ఎండాకాలం అందులో దాక్కుంటాది. దాన్ని ఇడిగా తీసి సూపిచ్చినాననే ఆయన కోపం. క్లాసులో మొదటిరోజు ఏం సెప్పినాడో తెలుసా? 'జరిగిపొయినదాన్ని రాసుకునేదానికి కాదమ్మా ఈ లెక్క, జరగబోయేదాంట్లో ఏం సేయల్లనో తేల్సుకునేదానికి' అని. బోర్డు మీద పెద్దగా రాసినాడు. ఆ నోటితోనే…

సీ. తలుసుకుంటేనే అసయ్యంగా ఉండాది.

…నాకు తెలుసు. రెండో మిషను నీ ఆశ. డ్రయ్యరుతో సహా. తెలుసు నాయనా. అయితే ఈ అగ్రిమెంటును నమ్ముకోని దాని లోనుకు అమ్మ పేరుమీదుండే ఇంటిస్థలం బ్యాంకులో పెడతా ఉండావు. అది పోతే ఏం మిగులుతాది మనకు?

…ఎవురు సదివి సెప్పినారు నీకు, పుస్తకంలో లాభమని ఉండాదని?

…చక్రధరా? …'సూడప్పా, నీ కూతురే రాసింది' అన్నాడా.

…ఏ లైను సదివినాడు? …'సంస్థ పనితీరు సంతృప్తికరం, విస్తరణకు అనుకూలం.' అంతేనా? దాని పైనుండే లైను సదవలేదా? …సదవడులే.

నందిని ఇంట్లో ఉండాదా? పిలు. …ఆ నల్ల పుస్తకం తీసుకోని గేటు కాడికి రమ్మను. …చక్రధర్ అడిగితే మా అక్క బొమ్మలు సూపిచ్చమనిందని సెప్పమను.

…నందినీ, అక్కను. ఐదో చాప్టరు తియ్యి. ఆఖరి పేజీ. ఫోన్ స్పీకర్లో పెట్టు, నాయనకు వినపడల్ల. …సదువు. మొదటినుంచి. …ఆ. …ఆ. …ఆగు. ఆ లైను నాయనకు తెలుగులో సెప్పు.

…గట్టిగా సెప్పు.

…ఆ. పాలు. 'రైతులనుంచి పాల సేకరణ పెంచి, కొత్తగా పాలు సల్లబరిచే కేంద్రం పెట్టల్ల.' విన్నావా నాయనా? మన లాండ్రీలో పాలు యాడనుంచి వచ్చినాయి? మనింట్లో బర్రె కూడా లేదే.

…నందినీ, నవ్వొద్దు.

…పోయినేడు ఎవురో డెయిరీ మీద సేసిన ప్రాజెక్టు. దాని ఆఖరి పేజీలు తీసి నా దాంట్లో అంటించినారు. ఇందాక షాపాయన్ని అడిగితే ఏమన్నాడో తెలుసా? 'అందరికీ ఇదే పెడతాం మేడం, ఆఖరి పేజీలు ఎవురు సదువుతారు' అన్నాడు. నవ్వతా అన్నాడు. …సారు కూడా సదవలేదు నాయనా. పాలో బెడ్‌షీట్లో సూడకుండానే సంతకం పెట్టినాడు. ఈ పుస్తకం పట్టుకోనుంటే ఎంగిలాకు పట్టుకోనున్నట్టుండాది నాకు.

…చక్రధర్‌కు కనపడకుండా ఉంటాదా. లాడ్జి లెక్కలన్నీ సూసే మనిషి. కనపడే ఉంటాది. నీకు ఇంగ్లీషు రాదని తెలుసు కదా ఆయనకు.

…

…అవును. నాకూ అట్లే మండింది. …వద్దు, కొట్లాడొద్దు. లోపలికి పొయ్యి ఒకటే మాట అడుగు. ఎండాకాలానికి వేరే రేటు రాయమను. రాస్తే సంతకం పెట్టు. లేకుంటే లేదు. …నా పేరు సెప్పు, భయమేంది. ఫోను కట్ సేయొద్దు, జేబులో ఏసుకో.

…

…

…హలో. ఆ, వినపళ్లేదు సరిగ్గా, మిషన్ల సప్పుడు. ఏమన్నాడు?

…ఓనరును అడగల్లనా. …కాగితాలు సంచిలో పెట్టుకోని పొయినాడా. …కాఫీ సగం ఇడిసిపెట్టినాడా. పోనీ.

…రేపు వస్తానని సెప్పింటాడు. …రాడు నాయనా. నీకూ తెలుసు, నాకూ తెలుసు.

…మిషను కొంటాంలే. ఎండాకాలం ట్యాంకరు సార్జీ ఇచ్చే లాడ్జీలు ఇంకో రెండు మూడు దొరికితే కొంటాం. అప్పుడు నేనే లెక్క ఏసి సెప్తా, సంతకం పెట్టు అని.

…నా మార్కులా. వైవా ఎల్లుండి. ఐదో చాప్టరు నాది కాదని సెప్తా. …అడక్కపొయినా సెప్తా. …ఫెయిలు సేస్తే సేయనీ, మళ్లా రాస్తా. స్థలం పొయ్యుంటే మళ్లా వచ్చేది కాదు. …సారుతో గొడవ నేను సూసుకుంటా, నువ్వు దానికి నిద్ర పాడు సేసుకోవద్దు.

…ఏంది?

…సెప్పు నాయనా. ఏందో అడగల్లనుకుంటా ఉండావు.

…ముందరి పేజీల్లోనా? …ఓ. థ్యాంక్స్ సెప్పే పేజీ. …నందిని నిన్న సదివి సెప్పిందా. …'నేను ఈ స్థాయికి రావడానికి తన జీవితాన్నే ధారపోసిన మా తండ్రి రాజారత్నం గారికి.' …ఆ. ఉండాది.

…మూడుసార్లు సదివిచ్చుకున్నావా.

…

…అది కూడా ఇంకొకరి పుస్తకంలోదేనా అని అడగతా ఉండావు.

…

నాయనా… పొద్దన్నుంచి ఇంతమంది అబద్ధాలు సూసి వచ్చినా. నేనూ ఒకటి సెప్పలేను నీకు. …ఆ మాటలూ షాపులో ఉండేవే. అందరి పుస్తకాల్లోనూ అవే ఉంటాయి. తండ్రి పేరు కాడ ఖాళీ పెట్టుంటారు. …పేరు మాత్రం నేనే పక్కన నిలబడి కొట్టిచ్చినా. సరిగ్గా పడిందా లేదా అని రెండుసార్లు సూసినా.

…

…ఏడస్తా ఉండానా అంటావా?

…ఏడవలేదులే. ఇంత దుమ్ము కొడతా ఉండాది ఈడ.

…నేనే రాసుంటే ఏం రాసుందునంటావా? …సెప్తా. ఇంటికొచ్చినాక నా మాటల్లో సెప్తా. …ఫోన్లో కాదు. ఎదురుగా కూర్సోని సెప్తా.

…ఆ, ఇప్పుడే, వచ్చే బస్సుకే. …సరే, పెట్టేయి.

…నువ్వే పెట్టేయి నాయనా. నాకు పెట్టేదానికి సెయ్యి రావడంలే.