తొమ్మిదో గుంత జెండా

ఆ టీవీ ఆపొద్దులే జమీరూ, ఆడనీ. నువ్వడిగిన దానికీ అందులో ఆడే ఆటకూ సంబంధం ఉంది. కూర్చో. ఏమంటివి? గండికోట కాడ లోయ పక్కన మీ ఇంటోళ్లు దీపం పెట్టే పచ్చ జెండా ఉంది గదా, చూడను వచ్చేటోళ్లు అడుగుతాండారు, బోర్డు రాపిస్తాండాం, ఆడ వెలిసిన ఏ వలీ పేరు రాయల్లో చెప్పు తాతా అంటివి. మీ నాయన అడిగి రమ్మన్న్యాడా? వానికీ తెలీదా? తెలీదులే, వానికెట్ల తెలుస్తుంది. ఉండు, యాడ మొదులు పెట్టాల్నో నాకే తెలీలా. అగో, ఆ పచ్చ బయల్లో ఒగాయన వంగి తెల్ల చెండు కొడ్తాండాడు చూడు. గోల్ఫు. అది మనకూ ఉండె. నవ్వుతావేంది? కర్నూలు రాజధానిగా ఉన్న నాళ్లలో, గండికోట పైన.

పెన్న మీద కట్ట కట్టల్లని సర్వే క్యాంపు వచ్చింది. నేను నేల కొలిచే చైను పట్టేవాణ్ణి. మీ తాత లాల్ బాషా క్యాంపుకు కావలి. అంతకు ముందు బండల గనిలో పనిచేస్తాండె, ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంటే మాన్పించి ఈడ చేర్చినారు. దొర అరవాయన, ఊటీలో ఉండొచ్చినాడు, ఆయప్పకు ఈ ఆట పిచ్చి. ఇక్కడ గడ్డి యాడుంది? రాళ్లు ఏరేసి, ఇసకలో బండ్లకు వాడి పారేసిన నల్ల ఆయిలు కలిపి చదును చేపిచ్చినాడు. పాలడబ్బాలు పాతి గుంతలు చేపిచ్చినాడు. తొమ్మిది. పద్దెనిమిదా? కాదు, తొమ్మిదే. అవే తిరిగొచ్చి ఆడితే పద్దెనిమిది అనేవాడు, అదెట్లనో నాకు అప్పుడూ అర్థం కాలా, ఇప్పుడూ కాలా. దోవలో బోర్డు పెట్టినాడు, ఎవరైనా వచ్చి ఆడొచ్చు అని. ఎవరొస్తారు, గొర్రెలొచ్చె. ఒగసారి ఎర్రగుంట్ల నుంచి ఇద్దరు ఆఫీసర్లు వచ్చి, తొమ్మిదో గుంత కాడ నిలబడి, కింద పెన్న, అవతల ఎర్ర కొండ చూసి, ఇంత చక్కటి చోటు ఊటీలో గూడా లేదప్పా అన్న్యారంట. దొర వారం దినాలు అదే మాట చెప్పుకోని తిరిగినాడు.

ఏం చెప్తాంటి? ఆ, జెండా. గుంతకొగ జెండా పెట్టల్ల. ఎనిమిదిటికి ఎర్రగుడ్డ సరిపాయ, తొమ్మిదోదానికి లేదు. తెల్లారితే ఆ ఆఫీసర్లు వస్తారు. మీ తాత ఇంటికి పోయి పెట్టె అడుగున ఉన్న పచ్చ గుడ్డ తెచ్చి కట్టినాడు, జెండా అంటే పచ్చదే గదన్నా అని. అంచుకు జరీ గోటా గూడా ఉండె. లోయ అంచున, రాళ్ల నడుమ, చిన్న గుంతలో పచ్చ జెండా. దోవన పోయేటోళ్లు ఏమనుకుంటారు? మొదులు చేసింది మా ఇంటిదే, గురవమ్మ. బర్రె తప్పిపోతే ఆడ మొక్కుకొని గుంతలో చక్కెర పోసొచ్చింది. బర్రె దొరికె. ఇంగ ఊదొత్తులేంది, టెంకాయలేంది. దొర కొట్టిన చెండు గుంతలో పడితే చీమలతో బయటికొస్తాండె. మొదులు ఎగిరినాడు. "వాట్ ఈస్ దిస్ బాషా" అని. ఆడోళ్లు అట్లే నిలబడి చూస్తాంటే ఏమనుకున్యాడో ఏమో, ఆ గుంత కాడికొస్తే బూట్లిప్పి ఆడేవాడు. ఎందుకిప్పినాడో నాకు తెలీదు.

మీ జేజి కమర్‌బీకి ముగ్గురు బిడ్డలు పుట్టి పుట్టి పాయిరి. ఆమె గూడా పోయి మొక్కుకున్యాది. నెల తప్పింది. అప్పట్నుంచి మీ తాత తేలు కుట్టిన దొంగ మాదిరి తిరిగినాడు. "అన్నా, ఆడ వలీ లేడు, పాలడబ్బా ఉంది. చెప్తే దాని గుండె పగుల్తాది, బిడ్డ నిలబడదు" అంటాడు. చెప్పొద్దులే అంటి. అది తప్పో ఒప్పో తెలీదు నాకు. ఆమెకు ఏడో నెల నడుస్తాంటే దొరకు బదిలీ. కొత్తాయన తొమ్మిది జెండా కట్టెలూ స్టోర్లో అప్పజెప్పు, లేకుంటే పనిలోంచి తీసేస్తా అన్న్యాడు. మీ తాత ఎనిమిది ఇచ్చినాడు. తొమ్మిదోది లోయలో పడిపాయ సార్ అన్న్యాడు. జెండా ఆడ గాలికి కొట్టుకుంటాండాది, అందరికీ కనపడతాండాది. పని పాయ. మళ్లా బండల గనికే పోయినాడు, అదే దగ్గు, అదే దుమ్ము. మీ నాయన సిరాజుద్దీన్ పుట్టె. ఆ దగ్గుతోనే మీ తాత పాయ, మీ నాయనకు పదేండ్లు గూడా లేవు. పోయేముందు గూడా నా చెయ్యి పట్టుకోని, చెప్పొద్దన్నా అన్న్యాడు.

నేను చెప్పలా. మీ జేజి మంచం పట్టినాంక చూసొస్తామని పోతి. ఆ జెండా కాడ దీపం పెట్టే పని కోడలికి అప్పజెప్తాండాది. ఇంగ దాయలేక, అమ్మా ఆ జెండా గురించి నీకొగ మాట చెప్పల్ల అంటి. ఆమె నవ్వె. "అది నా నిఖా ఓణీ గదన్నా. గోటా కుట్టింది నేను. గుడ్డకు ముద్దు పెట్టల్లని వంగితే నా కుట్టు కనపడె. మొక్కు అప్పటికే నోట్లోంచి వచ్చేసింది" అనె. మరి ఇన్నేండ్లు ఎవరికి దీపం పెట్టినావమ్మా అంటి. "నా కోసరం ఆయన మళ్లా ఆ దుమ్ములోకి పాయ గదన్నా. అది ఉత్త గుంత అని నాకు తెలుసంటే, ఆయన పోయింది దేనికి?" అనె.

ఇప్పుడు నువ్వొచ్చి ఏ వలీ పేరు రాయల్ల అంటాండావు. ఆడ ఎవురూ లేరని చెప్పలేను. ఉండారని ఎట్ల చెప్తా. రాస్తే, మరి... ఆ తెల్లాయన కొట్టినాడా? గుంతలో పడిందా లేదా చూసి చెప్పు నాయనా, నాకు కండ్లు ఆనవు.