లింగస్వామి మీటరు కొలిచిన ప్రాణాలు

కొత్తపేటలో సుమిత్రమ్మ టీ బండి దగ్గర ఆ మధ్యాహ్నం మేం ముగ్గురమే ఉన్నాం. కరెంటు పోయి గంటైంది. ఆటో నడిపే బక్కయ్య బెంచీ చివర కూర్చుని, పొద్దుట్నించీ ఛాతీలో మంటగా ఉందంటూ అల్లం టీ మీద అల్లం టీ తాగుతున్నాడు. "దవాఖానకు పో బక్కన్నా" అని సుమిత్రమ్మ, "ఒక్క ఈసీజీ తీయించుకోవయ్యా" అని నేను. "గ్యాస్ సారూ. బాటసింగారం కిరాయి ఉన్నది, ఒచ్చినంక చూపిచ్చుకుంట" అంటాడు వాడు. ఇంకొంచెం బతిమాలితే వినేవాడేమో.

ఇంతలో లింగస్వామి వచ్చాడు. ఫ్యాన్లు, మోటార్లు బాగుచేస్తాడు. చొక్కా జేబులోంచి రెండు తీగల చివర పిన్నులున్న, అరచేతిలో ఇమిడే మీటరొకటి తీసి బల్లమీద పెట్టాడంటే కోతలు మొదలన్నమాటే. కరెంటాఫీసులో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి, ఆయన చెప్పేదాంట్లో ఎంత నిజమో నాకు తెలుసు. అయినా వినడం సరదా. ఆ సరదాలో పడి బక్కయ్యని మర్చిపోయాను, అదే నా తప్పు.

"సారూ, గిది ఉత్త మీటర్ అనుకునేరు! కండెన్సర్ల దమ్ము ఎంత మిగిలిందో చెప్తది. ఫ్యాన్ మెల్లగ తిరిగితే మోటర్ పోయిందని అందరు పరేషాన్ అయితరు. మోటర్ కాదు, కండెన్సర్. రెండున్నర ఉండాల్సింది ఒకటికి దిగుతది, గంతే. మొన్న మీర్‌పేట్‌ల కృష్ణకుమారమ్మ అని ఒక ముసలమ్మ ఇంటికి పోయిన. ఫ్యాన్‌ల కండెన్సర్ ఊడదీసిన, పిన్నులు పెట్టిన, ఒకటీ పాయింట్ రెండు. కొత్తది ఏద్దామని సంచిల చెయ్యి పెట్టిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"ఏమైంది?" అంది సుమిత్రమ్మ.

"కండెన్సర్ నా చేతుల ఉన్నది, స్విచ్ బంద్ ఉన్నది, ఫ్యాన్ తిరుగుడు షురూ చేసింది. ఉల్టా!"

"గాలికయ్యుంటుందిలే" అన్నాను.

"కిటికీలు మూసే ఉన్నయ్ సారూ. ముసలమ్మ ఖాళీ మంచం దిక్కు చూసుకుంట, 'ఆయనకు ఉక్కపోస్తది గద బిడ్డా' అంటది. ఆయన పోయి పదకొండు నెలలాయె! మంచం మీద దుప్పటి, ఎవరో పక్కకు ఒరిగినట్టు, మెల్లగ జరిగింది. ఎనకకు దుంకిన, పిన్నులు పోయి నా వేళ్ళకే తగిలినయ్. మీటర్ల నలభై ఒకటి అని ఒచ్చింది. ముసలమ్మ నా చెయ్యి పట్టుకున్నది, అంకె రెండుకు పడ్డది. ఇడిసింది, మళ్ల నలభై ఒకటి."

"అంటే?" బక్కయ్య మొదటిసారి తలెత్తాడు.

"అంటే ఏందన్నా, మనిషి గుండె గూడ కండెన్సరే. నింపుకుంటది, ఒదుల్తది, నింపుకుంటది, ఒదుల్తది. ఇంక ఎంత మిగిలిందో మీటర్‌కు తెల్సిపోయింది. పది దాటితే ఏండ్లు, పది లోపల ఉంటే దినాలు. నేను గూడ నమ్మలే. ఇంటికొచ్చిన, మెట్ల కింద కుక్క పండుకున్నది, చెవికొక పిన్ను, ముక్కుకొక పిన్ను. సున్నా పాయింట్ మూడు. తెల్లారి పొద్దెక్కకముందే కుక్క లేదు. ఇగ కృష్ణకుమారమ్మ, సరిగ్గ రెండో దినం..." ఒక గుక్క టీ తాగాడు. "చెప్పుడెందుకు తియ్యి."

సుమిత్రమ్మ స్టవ్ మంట తగ్గించి దగ్గరికొచ్చి నిలబడింది.

"ఇగ జనం ఊకుంటరా? బాటసింగారం పండ్ల మార్కెట్టోళ్లు కార్ పంపిచ్చిన్రు. మామిడికాయకు పిన్ను గుచ్చుడు, ఏ దినం మురుగుతదో చెప్పుడు. నూరు లారీలు లైన్ కట్టినయ్. ఒక లారీకి పెట్టిన, సున్నా. కాయలకు కాదు సారూ, లారీకి! డ్రైవర్‌తోని పోకురా బిడ్డా అన్న. ఇనలే, పోయిండు. మర్నాడు లారీ వాపసొచ్చింది. స్టీరింగ్ ముందట ఎవ్వరు లేరు."

"దానంతటదే ఎట్లొస్తది?" అంది సుమిత్రమ్మ.

"నాకేమెరుక అక్కా, హారన్ గూడ కొట్టుకుంటొచ్చింది! గది గూడ చిన్న ముచ్చటే. సోమవారం నాడు ఎల్‌బీ నగర్ చౌరస్తల నిలబడి, ఒక పిన్ను మెట్రో పిల్లర్‌కు పెట్టిన, ఒకటి భూమికి పెట్టిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? గాడికెల్లి దిల్‌సుఖ్‌నగర్ దాక ఉన్న పానాల లెక్క మొత్తం ఒచ్చింది. అంకె పట్టక, మీటర్ల సగం, పక్కనున్న పాన్‌డబ్బా బోర్డు మీద సగం! ఒచ్చి, ఇగ దిగుడు షురువైంది. పట్టపగలు సారూ. బస్సులు పోతున్నయ్, సప్పుడు లేదు. జనం నోర్లు ఆడుతున్నయ్, మాట లేదు. ఇంటింటికి ఫ్యాన్ ఉల్టా తిరుగుతున్నది, ఒక్కో ఫ్యాన్ కింద ఆ ఇంట్ల పోయినోళ్లు ఒచ్చి నిలబడ్డరు, మెడలు పైకెత్తి, గాలి కోసం. వాళ్లకు గూడ ఉక్కపోతే గద! ఇంకొక్క అంకె దిగితే సున్నా అనంగ పిన్ను పీకిన. గందుకే ఇయ్యాల ఈడ కూసొని చాయ్ తాగుతున్నం. ఎవ్వనికన్న ఎరుకుందా? ఒక్కడన్న థాంక్స్ చెప్పిండా?"

నవ్వాను. కానీ అంత ఎండలోనూ మెడ వెనక చల్లబడింది. బండి పైన వేలాడే చిన్న ఫ్యాన్ వైపు చూడకుండా ఉండలేకపోయాను. అది కదలడం లేదు.

బక్కయ్య నవ్వలేదు. చొక్కా మొత్తం తడిసిపోయి ఉంది. రెండు వేళ్ళు ముందుకి చాపాడు.

"లింగన్నా, నాకు పెట్టు."

"ఉత్తగ ఎందుకన్నా..."

"పెట్టు. ఎక్కువుంటే కిరాయికి పోత. తక్కువుంటే దవాఖానకు పోత. డాక్టర్లు భయపెడ్తరు, నువ్వు మనోనివి. నీ మాట మీదనే."

లింగస్వామి మా ఇద్దరి మొహాలూ చూశాడు. తప్పించుకునే దారి లేక పిన్నులు ఆ వేళ్ళకి ఆనించాడు. ముప్ఫై. ఇరవై రెండు. పధ్నాలుగు. చెమట వేళ్ళకి అంకె అలా ఊగిసలాడుతుందని నాకు తెలుసు, తెలిసీ ముందుకి వంగి చూశాను. లింగస్వామి గబుక్కున మీటరు తనవైపు తిప్పుకున్నాడు.

"అరవై ఉన్నది. నీకేం గాదు" అన్నాడు.

బక్కయ్య మొహం విప్పారింది. "చెప్పలే? గ్యాసే" అంటూ లేచి, బండి గుంజ పట్టుకుని ఒక్క క్షణం నిలబడి, జేబులో ఆటో తాళంచెవి వెతుక్కున్నాడు. నాకు భయం వేసింది.

"ఆగు బక్కయ్యా. ఏమయ్యా లింగస్వామీ, కండెన్సర్‌కి మీటరు పెట్టేముందు ఏం చేస్తావు?"

"ఊడదీస్త సారూ. స్క్రూడ్రైవర్‌తోని దాని రెండు వైర్లు కలిపి, లోపల ఉన్న కరెంట్ దింపుత."

"దింపకుండా పెడితే?"

"తప్పు చూపిస్తది. మీటర్ గూడ కాలుతది."

"మరి బక్కయ్యలో ఉన్నది దింపేశావా? ఊడదీసి ఖాళీ చేస్తే గానీ నిజం చెప్పని వస్తువుకి, బతికున్నవాడి సంగతి ఏం తెలుసయ్యా?"

లింగస్వామి మీటరు బల్లమీద పెట్టి, రెండు చేతులూ ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"దానికేం తెల్వదు బక్కన్నా" అన్నాడు. "అంత కోతలే. మీర్‌పేట్‌ల కండెన్సర్ మార్చిన, గంతే. ముసలమ్మ మంచిగున్నది, నాకు చాయ్ గూడ పోసింది. అరవై అని గూడ అబద్ధమే చెప్పిన. పోదాం నడువు, దవాఖానకు."

బక్కయ్య బెంచీ మీద కూలబడ్డాడు. ఎడమ భుజం పట్టుకున్నాడు. సుమిత్రమ్మ వాడి చేతిలోంచి తాళంచెవి లాక్కుని లింగస్వామి వైపు చాపింది.

"ఆటో నడప ఒస్తదా నీకు?"

రైలు దగ్గర్నుంచి రోడ్డురోలరు దాకా తాను నడపని బండి లేదని ఏడేళ్ళుగా మాకు చెబుతున్న మనిషి.

"రాదక్కా" అని, అప్పటికే మెయిన్‌రోడ్డు మీదికి పరుగెత్తి, వచ్చే కారుకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.