ఫొటో కోసం విప్పిన చెప్పులు

కడియం దగ్గర ఒక చర్చిలో పిల్లల వేసవి బైబిల్ తరగతులకు అది ఆఖరి రోజు. పాఠాలు చెప్పడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంటర్ అమ్మాయిని, మొక్కల నర్సరీ పని నుంచి వచ్చిన ఒక తల్లి వరండాలో ఆపింది.

"నిన్న మా చిన్ని చేత చెప్పులు విప్పించింది మీరేనా అమ్మా?"

"అవునాంటీ, గ్రూప్ ఫొటో కోసం. పిల్లలందరూ విప్పారు."

"మీరు విప్పలేదు కదండీ. వాట్సాప్‌లో పెట్టిన ఫొటోలో మీ కాళ్లకి బూట్లున్నాయి."

"అది మా చర్చివాళ్లకి చూపించాలాంటీ. ఇక్కడి పిల్లలకి ఏమీ లేదని తెలిస్తేనే వచ్చే ఏడాది మమ్మల్ని మళ్లీ పంపిస్తారు."

"ఏమీ లేదని మీకెవరు చెప్పారు? ఈ తరగతుల కోసమే రాజమండ్రి తీసుకెళ్లి, దానికి నచ్చిన చెప్పులు కొన్నాను."

"సారీ ఆంటీ. కానీ చిన్ని ఏమీ అనలేదు. నేనంటే తనకి చాలా ఇష్టం, అక్కా అక్కా అంటూ నా పక్కనే ఉంటుంది."

"ఇష్టం కాబట్టే అనలేదు. ఇంటికొచ్చి నన్నడిగింది, మనం లేనోళ్లమా అని."

"ఆ ఫొటో తీసేయమని చెప్తానాంటీ."

"చెప్పండి. దానికి కూడా మీరే చెప్పండి. ఇవాళ ఎండలో ఒట్టి కాళ్లతో నడిచొచ్చింది. చెప్పులేసుకుంటే అక్క పక్కన నిలబడనివ్వదంట."